ఐరిష్ పబ్బులో పాట: జనం ఎప్పుడు గొంతు కలుపుతారు, ఎప్పుడు నోరు మెదపరు

డబ్లిన్‌లో శుక్రవారం రాత్రి కిక్కిరిసిన పబ్బులో జానపద గాయకుడు పాడుతున్నప్పుడు గమనించదగిన సంగతి ఒకటి ఉంది. ఒక పాటకు జనమంతా బల్లలు చరుస్తూ, పల్లవి వచ్చిన ప్రతిసారీ గాయకుడి గొంతు మునిగిపోయేంత గట్టిగా అందుకుంటారు. కాసేపటికి అదే గాయకుడు అదే కుర్చీలో కూర్చుని, గిటార్ పక్కన పెట్టి, కళ్లు మూసుకుని మరో పాట ఎత్తుకుంటాడు. అప్పటిదాకా ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్న మనుషులే చప్పున ఊరుకుంటారు, కౌంటర్ వెనకున్న వ్యక్తి గ్లాసు నింపడం కూడా ఆపేస్తాడు. ఇలా ఉండాలని ఎవరూ మైకులో చెప్పరు, గోడ మీద బోర్డేమీ ఉండదు. మొదటి పాట మాత్రమే విన్నవారు ఐరిష్ సంగీతమంటే తాగి పాడే సందడి అనుకుని వస్తారు. రెండోది విన్నవారు వెయ్యేళ్ల నాటి ఆచారమేదో చూశామనుకుంటారు. రెండు అభిప్రాయాలూ సరైనవి కావు. వేర్వేరు చోట్ల పుట్టి, వేర్వేరు నియమాలతో పెరిగిన కొన్ని గాన పద్ధతులు ఒకే కప్పు కిందికి చేరడం వల్ల ఈ తేడా వచ్చింది, ఐర్లండ్‌లో అవి అలా చేరి నిండా డెబ్బై ఏళ్లు కూడా కాలేదు.

ఐర్లండ్ పల్లెల్లో పాటకు అసలైన చోటు పబ్బు కాదు, వంటిల్లు. చలికాలపు రాత్రుళ్లు ఇరుగుపొరుగు వారంతా ఒకరి ఇంట్లో చేరి, చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డల మంట దగ్గర కూర్చుని కథలు చెప్పుకునేవారు, పాడుకునేవారు, చోటుంటే నాట్యం చేసేవారు. పబ్బు అప్పట్లో ప్రధానంగా మగవాళ్లు తాగడానికి వెళ్లే చోటు. పాడితే గొడవలు వస్తాయనీ, పోలీసులు వస్తారనీ భయపడి ‘ఇక్కడ పాడరాదు’ అని రాసి పెట్టుకున్న యజమానులు చాలామంది ఉండేవారు. 1935లో వచ్చిన పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం బహిరంగ నృత్యాలకు కోర్టు నుంచి లైసెన్సు తీసుకోవాలని నిర్దేశించింది. ఇళ్లలో జరిగే కూడికలను ఆపడం ఆ చట్టం ఉద్దేశం కాకపోయినా, నైతికత పేరుతో చర్చి పెద్దలూ పోలీసులూ చాలాచోట్ల దాన్ని ఇళ్ల మీదికీ, నాలుగు దారుల కూడలిలో జరిగే నృత్యాల మీదికీ మళ్లించారు. ఇంటిపాట సన్నగిల్లడానికి ఈ చట్టమొక్కటే కారణమంటే అతిశయోక్తి అవుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ, పాడేవాళ్లూ వినేవాళ్లూ ఊళ్లే వదిలి వెళ్లిపోవడం.

1951 నుంచి 1961 వరకు గడిచిన పదేళ్లలో, వచ్చినవారిని మినహాయించి లెక్కిస్తే, ఐర్లండ్ సుమారు 4 లక్షల మందిని వలసల్లో కోల్పోయింది. వారిలో అత్యధికులు ఇంగ్లండ్ వెళ్లి భవనాల నిర్మాణంలో, రోడ్ల పనుల్లో, ఆస్పత్రుల్లో కుదురుకున్నారు. లండన్‌లో అద్దె గదిలో మరో ఇద్దరితో కలిసి ఉండే కూలీకి నలుగురిని పిలిచి పాడించుకోవడానికి వంటిల్లు లేదు. అందుకే కామ్డెన్ టౌన్, హాలొవే వంటి పేటల్లోని పబ్బులే వారికి ఇంటి ముందుగది అయ్యాయి. ఊళ్లో వంటింట్లో పాడిన పాట పబ్బులోకి నడిచింది మొదట పరాయి దేశంలో. ఐర్లండ్ తనదని గర్వంగా చూపించుకునే ఈ సన్నివేశానికి వలస కూలీల ఒంటరితనం పునాది కావడం నన్ను ఎప్పుడూ కదిలించే విషయం.

కామ్డెన్ టౌన్‌లోని బెడ్‌ఫోర్డ్ ఆర్మ్స్ పబ్బులో పాడిన మార్గరెట్ బారీ ఆ కాలానికి గొప్ప సాక్షి. 1917లో కార్క్ నగరంలో పుట్టిన ఆమె యువతిగా ఉన్నప్పటి నుంచీ సంతల్లో, ఆటల మైదానాల దగ్గర, వీధుల్లో బాంజో వాయిస్తూ పాడి బతికింది. లండన్‌లో ఆమెకు తోడు స్లైగో ప్రాంతపు ఫిడేలు విద్వాంసుడు మైకేల్ గోర్మన్. ఆరుబయట వందల మంది మధ్య వినబడేలా తయారైన గొంతు కాబట్టి, పబ్బు రొద ఆమెకు ఒక లెక్క కాదు. ఆమెకు బాగా పేరు తెచ్చిన ‘షి మూవ్డ్ త్రూ ద ఫెయిర్’ వింటే యుగాల నాటి పాట అనిపిస్తుంది. దాని బాణీని డోనెగల్ ప్రాంతంలో హెర్బర్ట్ హ్యూస్ సేకరించగా, ఇప్పుడు పాడే మాటలకు రూపమిచ్చింది కవి పాడ్రిక్ కోలమ్, అచ్చయినది 1909లో. బారీ దాన్ని నేర్చుకున్నది ఏ ముసలమ్మ దగ్గరో కాదు, ప్రసిద్ధ గాయకుడు జాన్ మెకార్మక్ గ్రామఫోన్ రికార్డు విని. పల్లె బాణీ కవి చేతిలో పడి, కచేరీ గాయకుడి రికార్డులోకి ఎక్కి, వీధి గాయని గొంతులోంచి మళ్లీ జనం మధ్యకు వచ్చింది. జానపదమంటే కాగితమూ యంత్రమూ తగలని వస్తువు అన్న నమ్మకం ఈ ఒక్క పాట దగ్గరే నిలవదు.

ఇదే కాలంలో ఐర్లండ్‌లోనూ పరిస్థితి మారుతూ వచ్చింది. 1951లో ముల్లింగార్ పట్టణంలో సంప్రదాయ సంగీతం కోసం కోల్టస్ అనే సంస్థ ఏర్పడి, ఏటా ‘ఫ్లా’ అనే సంగీతోత్సవాన్ని జరపసాగింది. ఉత్సవం జరిగే ఊళ్లో పోటీలు హాళ్లలో జరిగేవి కానీ, పోటీ ముగిసిన విద్వాంసులంతా చేరేది పబ్బుల్లోనే. పాట ఉన్నచోట జనం ఎక్కువసేపు కూర్చుంటారని యజమానులకు అర్థమైంది. 1961లో అమెరికాలో ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో తెల్లటి ఆరన్ స్వెటర్లు వేసుకుని పాడిన క్లాన్సీ సోదరులు, టామీ మేకమ్ ఆ దేశాన్ని ఊపేశారు, ఆ ఊపు తిరిగి ఐర్లండ్‌ను తాకింది. అప్పటిదాకా పల్లెటూరి మోటుతనమని నామోషీ పడిన పట్నవాసులు గిటార్ పట్టుకుని అవే పాటలు పాడటం మొదలుపెట్టారు. పబ్బులు కూడా ఆడవాళ్లూ జంటలూ కూర్చోగలిగేలా మెత్తటి కుర్చీలతో కొత్త లౌంజ్ గదులు కట్టుకుంటున్న రోజులవి, ఆ గదులను నింపడానికి గాయకుడు కావలసివచ్చాడు.

డబ్లిన్ మెరియన్ రోలోని ఓ’డొనహ్యూస్ పబ్బులో 1962లో రూపుదిద్దుకున్న ‘ద డబ్లినర్స్’ బృందం ఈ కొత్త గాలికి ముఖమయింది. రానీ డ్రూ గరగర గొంతు, బార్నీ మకెన్నా బాంజో, కియరన్ బర్క్ విజిల్, వారితో పాటు లూక్ కెల్లీ. 1967లో వారి ‘సెవెన్ డ్రంకెన్ నైట్స్’ బ్రిటన్ రికార్డు అమ్మకాల పట్టికలో 7వ స్థానానికి చేరగా, తాగి ఇంటికొచ్చే మొగుడి కథలోని బూతు ధ్వని నచ్చక ఐర్లండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ దాన్ని వినిపించలేదు. పేరులో ఏడు రాత్రులున్నా రికార్డులో పాడింది అయిదే, మిగిలిన రెండూ మరీ పచ్చిగా ఉంటాయి. ఈ పాట వారికి దొరికింది జో హీనీ దగ్గర. ఐరిష్ భాషలో అతి గంభీరమైన గీతాలు పాడటంలో ఆయనంతటి వారు అరుదు. అల్లరి పాటకూ గంభీర గానానికీ మధ్య మనం గీసే గీత ఆ మనిషికి లేదు.

ఇక ఒకే గదిలో ఇన్ని నియమాలు ఎందుకున్నాయో చూద్దాం. పబ్బులో ఓ మూల బల్ల చుట్టూ ఫిడేలు, వేణువు, కాన్సర్టీనా, బౌరాన్ డప్పు పట్టుకుని కూర్చునే వాద్యకారుల కూడికను సెషన్ అంటారు. వారు వాయించేవి నాట్యపు బాణీలు. వాటికి మాటలుండవు, చుట్టూ జనం మాట్లాడుకుంటున్నా వారికి ఇబ్బంది ఉండదు, ఎందుకంటే వారు ప్రధానంగా ఒకరి కోసం ఒకరు వాయించుకుంటారు. సెషన్‌లో పాట అతిథి మాత్రమే, గంటలో ఒకటో రెండో చోటు చేసుకుంటాయి. దీనికి పూర్తిగా భిన్నమైనది మైకు, గిటార్, స్పీకర్లతో డబ్బు తీసుకుని బాలడ్‌లనే కథాగీతాలు పాడే గాయకుడి కచేరీ. అక్కడ జనాన్ని పాడించడమే గాయకుడి పని. మూడోది గాయకుల వలయం. అందులో వాద్యం ఉండదు, ఒకరి తర్వాత ఒకరు పాడతారు, పాడినవారు తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కును ‘నోబుల్ కాల్’ అంటారు. ఎవరైనా మాట్లాడుతుంటే ‘ఒక్క గొంతే, దయచేసి’ అనో, ఐరిష్‌లో ‘క్యూనస్’ (నిశ్శబ్దం) అనో పెద్దలు కేకేస్తారు. సాయంత్రమంతా వీటిలో ఏ ఒక్కటో నడిస్తే గందరగోళం లేదు. మంచి పబ్బుల్లో ఇవి ఒకదాంట్లోంచి ఒకటి జారుతూ ఉంటాయి కాబట్టే కొత్తవారికి అయోమయం.

వీటన్నిటి వెనకా నాలుగో పద్ధతి, షాన్-నోస్ ఉంది. ఐరిష్ భాష ఇంకా ఇళ్లలో వినిపించే కానమారా, డోనెగల్, మన్‌స్టర్ తీర ప్రాంతాల నుంచి వచ్చిన ఈ గానానికి వాద్య సహకారం లేదు. గొంతు పెంచి తగ్గించి భావం పలికించడం లేదు, మొహంలో అభినయం లేదు. కొడుకు సముద్రంలో మునిగిపోయిన కథనూ, ప్రేమికుడు మోసం చేసిన కథనూ ఒకే నిబ్బరంతో పాడుతూ, భావమంతటినీ స్వరం చుట్టూ వేసే సన్నని మెలికల్లో పెడతారు. చరణానికీ చరణానికీ ఆ మెలికలు మారతాయి. కర్ణాటక సంగీతంలో గమకం విన్న చెవికి ఇది త్వరగానే పట్టుబడుతుంది, అయితే ఇక్కడ తాళం లేదు, శ్రుతి పెట్టె లేదు, మాట నడకే లయ. కానమారా వారు మెలికలు దట్టంగా వేస్తారు, డోనెగల్ వారు పలచగా. 1919లో కానమారా తీరంలోని కార్నాలో పుట్టిన జో హీనీ న్యూయార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ భవనానికి ద్వారపాలకుడిగా పనిచేశాడు. తర్వాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ విద్యను బోధించి, 1984లో అక్కడే మరణించాడు. ఇలాంటి పాట జరుగుతున్నప్పుడు పక్కనున్నవారు గాయకుడి చేయి పట్టుకుని మెల్లగా తిప్పుతూ ఉండటం పాత అలవాటు. చరణాల మధ్య ‘మా హూ’ అని మెచ్చుకోలు వినిపిస్తుంది. చివరి పంక్తి చివరి మాటలను చాలామంది పాడరు, మామూలు గొంతుతో చెప్పి ఊరుకుంటారు. పాట అయిపోయిందనడానికి అదే గుర్తు, చప్పట్లు ఆ తర్వాతే.

పబ్బులోని నిశ్శబ్దానికి ఒక వేరు ఈ ఇంటిపాటలో ఉంటే, మరో వేరు ఇంగ్లండ్ ఫోక్ క్లబ్బుల్లో ఉందని నా అభిప్రాయం. 1940లో డబ్లిన్ ఉత్తర రేవు పేటలో పుట్టిన లూక్ కెల్లీ పని వెతుక్కుంటూ ఇంగ్లండ్ వెళ్లి, అక్కడి క్లబ్బుల్లో పాడటం నేర్చుకుని తిరిగివచ్చాడు. బ్యాంకు గుమాస్తాగా ఉన్న క్రిస్టీ మూర్ 1966 బ్యాంకు సమ్మె కాలంలో ఇంగ్లండ్ వెళ్లి అదే దారి పట్టాడు. ఆ క్లబ్బులు సాధారణంగా పబ్బుల మేడ మీది గదుల్లో నడిచేవి. అక్కడ పాట జరుగుతున్నంతసేపూ మాట్లాడటం తప్పు, మాటలు అర్థం చేసుకుంటూ వినడం శ్రోత బాధ్యత. ఈ ఇద్దరూ ఆ క్రమశిక్షణను వెంట తెచ్చి, డబ్లిన్ సందడి మధ్యలో నిలబెట్టారు.

సందడి మధ్యలో నిలబెట్టడం ఎలా సాధ్యమన్నది గొంతు బలానికి మించిన సంగతి. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో వివరించాడు. గాయకుడు స్పీకర్ల శబ్దం పెంచితే, మాట్లాడుకునేవారు ఇంకాస్త పెంచుతారు. అతను మళ్లీ పెంచాలి, చివరికి ఎవరికీ ఏమీ వినపడదు. ఇదే సూత్రం తిరగేసినా పనిచేస్తుంది. అనుభవజ్ఞుడైన గాయకుడు రెండు మూడు పల్లవి పాటలతో గదిని తన వైపు తిప్పుకుని, జనం ఊపిరి తీసుకునే ఆ క్షణంలో వాద్యం ఆపి, మామూలు మాట స్థాయిలో తర్వాతి పాట మొదటి పంక్తి ఎత్తుకుంటాడు. ముందు దగ్గరి బల్ల ఊరుకుంటుంది. వారి మాట ఆగడంతో వెనక బల్ల వారికి తమ గొంతే పెద్దగా వినబడి వారూ ఆగుతారు. ఆ నిశ్శబ్దం బయటి వరుసలకు పాకడానికి ఒక చరణం పడుతుంది. అందుకే ఈ పాటల మొదటి చరణంలో కథకు అత్యవసరమైన విషయం సాధారణంగా ఉండదు. ఊరు, కాలం, మాట్లాడేది ఎవరు అన్న పరిచయమే ఉంటుంది. ఆలస్యంగా విన్నవాడికి కూడా కథ తప్పిపోదు.

లూక్ కెల్లీ పాడిన ‘రాగ్లన్ రోడ్’ను దగ్గరగా చూస్తే ఈ నిర్మాణం స్పష్టమవుతుంది. పాట్రిక్ కావనా రాసి 1946లో వేరే పేరుతో పత్రికలో అచ్చు వేయించిన కవిత అది. డబ్లిన్‌లోని బెయిలీ అనే పబ్బులో తాను పాడటం విని కావనాయే ఈ పాటను తనకిచ్చాడని కెల్లీ చెప్పేవాడు. దాన్ని కూర్చిన బాణీ పాత ఐరిష్ పాటది, ఆంగ్లంలో దాని పేరు ‘ద డానింగ్ ఆఫ్ ద డే’. కవిత మొదటి చరణం సరిగ్గా ఆ మాటలతోనే ముగుస్తుంది. చరణానికి నాలుగు పొడవాటి పంక్తులు. మొదటి పంక్తి కింది స్థాయిలో నడుస్తుంది, రెండూ మూడూ దాదాపు ఒకే వరసలో పైకి ఎక్కుతాయి, నాలుగోది మొదటి పంక్తి వరసకే తిరిగివస్తుంది. ఐరిష్ పాటల్లో లెక్కలేనన్ని ఈ అచ్చులో ఉన్నాయి. ఆ బాణీ జన్మలో వినని పరదేశికి కూడా రెండో చరణం వచ్చేసరికి గొంతు ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో తెలిసిపోతుంది కాబట్టి, ఇక అతని దృష్టంతా మాటల మీదికి వెళుతుంది. పల్లవి లేదు, గొంతు కలిపే సందు లేదు. కెల్లీ తల వెనక్కి వాల్చి, మూడో పంక్తి దగ్గర గొంతును బిగువు తగ్గకుండా నిలిపేవాడు. గుండె పగిలిన మనిషి కథను ఏడుపు లేకుండా, ఒక రకమైన కోపంతో చెప్పడం ఆయన సొంతం. 1984 జనవరిలో మెదడు కణితితో మరణించేనాటికి ఆయనకు 43 ఏళ్లే. ఈ పాటను ఆయన తర్వాత ఎందరు పాడినా డబ్లిన్ ఇంకా ఆయన గొంతుతోనే వాటిని పోల్చి చూస్తుంది.

పల్లవి ఉన్న పాటల నియమం వేరు. అక్కడ చరణం గాయకుడిది, పల్లవి గదిది, ఆ హద్దు దాటి చరణంలో గొంతు కలిపేవారిని ఎవరూ మెచ్చుకోరు. ఈ పాటల్లో చాలా భాగం బ్రిటిష్ పాలన మీద జరిగిన 1798, 1916 తిరుగుబాట్ల గురించి, వలసల గురించి, పనివారి గురించి. తిరుగుబాటు పాటలు గొంతు కలపడానికి అన్నిటికంటే సులువు, అందులోనే చిక్కుంది. 1960ల చివర మొదలై 1998 శాంతి ఒప్పందం దాకా సాగిన ఉత్తర ఐర్లండ్ హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. ఆ కాలంలో వందేళ్ల నాటి యుద్ధగీతం కూడా నిన్నటి హత్యను సమర్థించినట్టు వినిపించసాగింది. కొందరు గాయకులు వాటిని పక్కన పెట్టారు, కొందరు పట్టుదలగా పాడారు. అమెరికాలోని బోస్టన్‌లో కులాసాగా గొంతు కలిపే పాటను ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీలోనో బెల్‌ఫాస్ట్‌లోనో ఎత్తుకునే ముందు గాయకుడు గదిలో ఎవరున్నారో చూసుకోవలసి ఉంటుంది.

పాడే ఆడవాళ్ల పరిస్థితి గురించి సూటిగా చెప్పాలి. వంటింటి పాటలో ముందున్నది వారే, పాటల సేకర్తలు రికార్డు చేసుకున్న గొప్ప గొంతుల్లో చాలా భాగం ఆడవారివే. పాట పబ్బులోకి మారగానే గుమ్మం దగ్గరే వారికి అడ్డుపడింది. ఆడవాళ్లకు మద్యం పోయడానికి నిరాకరించే యజమానులు చాలాకాలం ఉన్నారు, అలాంటి వివక్ష చట్టవిరుద్ధమని తేల్చింది 2000 సంవత్సరపు సమాన హోదా చట్టం. మార్గరెట్ బారీ వంటివారు నెగ్గుకొచ్చారంటే అది వారి మొండితనం. ఇప్పుడు లీసా ఓ’నీల్, లాంకమ్ బృందంలోని రేడీ పీట్ వంటి గాయనులు ఈ సంప్రదాయానికి ముందువరసలో ఉండటం ఆలస్యంగా జరిగిన న్యాయం. 2004 మార్చి 29 నుంచి పబ్బుల్లో పొగ తాగడాన్ని నిషేధించడం కూడా, ఆడ మగ తేడా లేకుండా, పాడే గొంతులన్నిటికీ మేలు చేసింది.

డబ్లిన్‌కు చదువుకోసమో ఉద్యోగం కోసమో వెళ్లిన తెలుగువారికి మొదట ఎదురయ్యేది టెంపుల్ బార్ ప్రాంతపు పబ్బుల్లోని మైకు గాయకులే. వారిని నకిలీ అని కొట్టిపారేయడం డబ్లిన్‌వారిలోనే ఒక అలవాటు. నేను దానితో ఏకీభవించను. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, అడిగిన పదిపాటలే మళ్లీ మళ్లీ పాడుతూ, కొత్తగా వచ్చిన ప్రతి గుంపునూ గంటపాటు పాడించగలగడం కఠినమైన వృత్తి, 1960ల లౌంజ్ గాయకుల వారసత్వమే అది. అక్కడ దొరకనిది మాత్రం నిశ్శబ్దం. స్పీకర్లు ఆగని చోట, బల్లలు గంటకోసారి ఖాళీ అయి నిండే చోట, పల్లవి లేని పాట బతకదు. అది బతకాలంటే తరచుగా వచ్చి కూర్చునేవారు కొందరుండాలి, తక్కువ అమ్మకానికి ఒప్పుకునే యజమాని ఉండాలి, ముందు బారుకు కాస్త ఎడంగా ఒక గది ఉండాలి.

ఆ గది కోసమే 2021లో డబ్లిన్ వీధుల్లోకి జనం వచ్చారు. స్మిత్‌ఫీల్డ్‌లోని కాబుల్‌స్టోన్ పబ్బు ఉన్న స్థలంలో బహుళ అంతస్తుల హోటల్ కట్టడానికి ప్రతిపాదన వచ్చింది. ముందు బారును అలాగే ఉంచుతామన్నారు, పోయేది వెనక గది. పబ్బు పేరూ ముఖద్వారమూ మిగిలితే చాలదా అని బయటివారికి అనిపించవచ్చు. పాఠాలూ, కచేరీలూ, మైకు లేని పాటల కూడికలూ జరిగేది వెనక గదిలోనే కాబట్టి పాడేవారికి అది చాలలేదు. శవపేటిక మోస్తూ, వాద్యాలు వాయిస్తూ నగరపాలక కార్యాలయం దాకా ఊరేగింపు చేశారు, ఆ ఏడాది నవంబరులో నగరపాలక సంస్థ అనుమతి నిరాకరించింది. ఉరిశిక్షకు ముందురాత్రి గురించిన పాత డబ్లిన్ పాట పేరు పెట్టుకుని నెలకోసారి జరిగే గాయకుల వలయం కాబుల్‌స్టోన్‌దే. మైకు లేదు, పారితోషికం లేదు. ఇరవయ్యేళ్లవారూ డెబ్బయ్యేళ్లవారూ వంతులవారీగా పాడతారు, మొదటిసారి నోరు విప్పేవారికి మాట తడబడితే పాట తెలిసిన మరొకరు పక్కనుంచి ఆ పంక్తి అందిస్తారు.